తువ్వాలు కింద చెయ్యి

వ్యాపారంలో పైకి రావాలంటే ఆడది ఏం చెయ్యాలని నన్ను అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. పొద్దున్నే లేవండి, పాలల్లో నీళ్ళు కలపకండి, ఇచ్చిన మాట తప్పకండి అని చెప్పి పంపిస్తుంటాను. అవన్నీ మంచి మాటలే. నేను పైకి వచ్చింది మాత్రం వాటివల్ల కాదు. యాభైఏడో సంవత్సరం వానలు పడ్డప్పటి నుంచి క్రిస్మస్ దాకా, ఆ ఆరు నెలల్లో నేనేం చేసి నిలబడ్డానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు ఏరువాక నాటికే మా ఆయన రంగయ్య బండి మీద నుంచి పడి తొంటి విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టిన పెద్దాయన ఆరు నెలలు మంచం దిగొద్దన్నాడు. మాకున్నది కాస్త రాళ్ళ చేను. బతుకంతా ఎనుముల మీదే, అంటే గేదెల మీద. ఒట్టిపోయినవాటిని చుట్టుపక్కల ఊళ్ళల్లో చవగ్గా కొని, మేపి, చూడి కట్టించి, ఈనగానే ఆళ్ళగడ్డ సంతలో అమ్మడం మా పని. ఎంచి కొనేది, మేపేది, పురుడు పోసేది నేను. సంతకి తోలుకుపోయి అమ్మేది ఆయన. ఆయన మంచాన పడేసరికి మా మరిది ఆదినారాయణ వచ్చి కొట్టం గుంజకి ఆనుకుని నిలబడ్డాడు.

"నేనుండా గదా వదినా, నీకేల దిగులు? సంత సంగతి నేను సూసుకుంటా," అన్నాడు.

చూసుకున్నాడు! మొదట తోలుకుపోయింది పూటకి మూడు శేర్లిచ్చే రెండో ఈత ఎనుము. దాన్ని ముసలిగొడ్డు ధరకి ఇచ్చేసి వచ్చి, సంత పడిపోయింది వదినా అన్నాడు. ఆ వారమే ఆయన పెళ్ళాం ముక్కుకి కొత్త బేసరి వచ్చింది. సంత పడిపోతే బేసర్లు మొలుస్తాయి కాబోలు. రెండో ఎనుముకీ అదే కథ. ఇట్లా సాగితే దీపావళి నాటికి కొట్టం ఖాళీ అవుతుంది, లేదా ఆదినారాయణది అవుతుంది. ఆ తర్వాత నేను ఆయన ఇంట్లో పేడ ఎత్తుకుంటూ, మా ఆయన మంచానికి ఇంత గంజి అడుక్కుంటూ బతకాలి. ఇందులో నాకు అనుమానం లేదు.

"వచ్చే సంతకి నేనే పోతా," అన్నాను మా ఆయనతో.

"పోయి ఏం చేస్తావ్ మే? ఎనుముని పట్టుకోని నిలబడతావ్, సరే. బేరం ఎట్ల చేస్తావ్? తువ్వాలు కింద చెయ్యి పెడతావా?"

పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. దళారి వచ్చి అమ్మేవాడి కుడిచెయ్యి పట్టుకుని పైన తువ్వాలు కప్పుతాడు. మణికట్టు పడితే నూరు, వేలు పడితే పది, కణుపు నొక్కితే రూపాయి. అక్కడ తెలుసుకున్నది పోయి కొనేవాడి చేతిలో అట్లాగే చెప్తాడు. పక్కనున్న నలుగురికీ తువ్వాలు కదలడం తప్ప ఏమీ తెలియదు. పొరపాటున ఎవడైనా ధర పైకి అన్నాడా, ఇక ఆ గొడ్డు అంతకు మించి ఒక్క రూపాయి పలకదు. దళారుల్లో సగం మంది ఊరి బయట పేట నుంచి వచ్చే క్రైస్తవులు. ఊళ్ళో మావాళ్ళు వాళ్ళని గడప తొక్కనివ్వరు గానీ, సంతలో ఎంత పెద్దరైతైనా వాళ్ళ వేళ్ళు పట్టుకోవాల్సిందే. తువ్వాలు కింద మైల లేదనేవాళ్ళు. అది మగవాళ్ళ సంగతని ఎవరూ విడిగా చెప్పలేదు. అప్పటిదాకా ఏ ఆడదీ అక్కడ నిలబడలేదు మరి.

సంతకి ముందు నంద్యాల పోయాను. మా ఇంటి నెయ్యి కొనేది అక్కడి రామేశ్వరమ్మ. మొగుడు పోయాక నేతి అంగడి పెట్టి, నలుగురు మగవాళ్ళని జీతానికి పెట్టుకుని, బోర్డు మీద తన పేరే రాయించుకున్న మనిషి. బజారులో ఆమె నడిచి వస్తుంటే కోమట్లు కూడా లేచి నిలబడేవాళ్ళు. దేవుడి గదిలో పటం పెట్టుకోలేదు గానీ, నాకు ఆమె మీద అంత గురి.

"సంతలో నవ్వద్దు," అంది ఆమె నా నెయ్యి వేలితో తీసి వాసన చూస్తూ. "ఎవరన్నా ఎకసెక్కాలాడితే నీగ్గాదన్నట్టు ఉండు. నీ గొడ్డుని నువ్వు తక్కువ చెయ్యద్దు. కాళ్ళు పీకినా కూచోవద్దు. ఆడది కూచుంటే ఎంతకైనా ఇచ్చేస్తాదనుకుంటారు ఈ మగ నా బట్టలు."

"మరి చెయ్యి సంగతేందక్కా?"

"నాకు తక్కెడుంది. చేతులతో పని లేదు. నీ తిప్పలు నువ్వే పడాల." మూత బిగించి నా కళ్ళల్లోకి చూసింది. "ఒక్కటి మాత్రం సెప్తాండా, ఇను. నీ పేరు సెడిందని నా సెవిన పడితే నీ నెయ్యి గూడా నేను కొనను."

అప్పుడు ఆ మాట కూడా నాకు మంచి సలహాగానే వినిపించింది.

మొదటి రెండు సంతలూ ఉత్తివే. నిలబడ్డాను, నవ్వలేదు, కూర్చోలేదు. దళారులు వచ్చేవాళ్ళు, ఎనుము పళ్ళు చూసేవాళ్ళు, పొదుగు పట్టి చూసేవాళ్ళు, తువ్వాలు తీయబోయి నన్ను చూసి ఆగిపోయేవాళ్ళు. "మగోళ్ళు యాడుండారమ్మా?" అని అడిగేవాళ్ళు. గతిలేక ధర నోటితో చెప్పాను. చుట్టూ ఉన్న పదిమందీ విన్నారు. అంతే, ఆ ఎనుము దగ్గరికి మళ్ళీ ఒక్కడూ రాలేదు. పొద్దు వాలాక దాన్ని తోలుకుని మూడు మైళ్ళు నడిచి ఇంటికి వస్తే, ఆదినారాయణ అరుగు మీద కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. "ఎనుముకి సంత సూపించుకోని వచ్చినావా వదినా?" అన్నాడు.

మూడో సంతలో యోబు వచ్చాడు. అరవై ఏళ్ళ దళారి, ఎండిపోయిన మనిషి, ఎండాకాలం కూడా పాత ఖాకీ కోటు విప్పడు. మా నాయన వయసు. అయినా నేను యోబూ అనే పిలిచాను, ఆయన నన్ను అమ్మా అనే పిలిచాడు. అప్పట్లో అది తప్పని నాకు తెలియదు.

"మంచి గొడ్డమ్మా. నీ నోరే దాన్ని సెడగొడతాంది," అన్నాడు. "ఆత్మకూరు నుంచి వచ్చిన ఆయప్ప ఒకడుండాడు. పాలెనుము కోసం మూడు వారాలుగా తిరుగుతాండాడు. ఇంట్లో మగోళ్ళెవర్నన్నా పిలిపిచ్చుకో, ఇప్పుడే బేరం తెంపేస్తా."

"మగోళ్ళు లేరు. నేనే ఉండేది." కొంగు భుజం మీదికి లాక్కుని కుడిచెయ్యి చాచాను. "కప్పు తువ్వాలు."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దమ్మా. నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు."

"తువ్వాలు కింద మైల లేదంటారు గదా. కప్పు."

ఆయన అటూ ఇటూ చూశాడు. నా చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. చివరికి తువ్వాలు తీసి కప్పాడు. కింద ఆయన వేళ్ళు చల్లగా, గరుకుగా ఉన్నాయి. మణికట్టు రెండుసార్లు పట్టాడు, మూడు వేళ్ళు పట్టాడు. నేను తల ఊపలేదు. ఆయన చేతినే తిప్పి ఇంకో రెండు వేళ్ళు పట్టాను. ఆయన నవ్వు ఆపుకున్నాడు. ఆత్మకూరాయన దగ్గరికి పోయి వచ్చి, ఒక వేలు తగ్గించాడు. సరేనన్నాను. నా పదేళ్ళ కష్టానికి ధర ఎంతో నా చేతికే తెలిసిన రోజు అది. దారి పొడుగునా నాలో నేను నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. సంత దాటాను కాబట్టి నవ్వినా ఫరవాలేదు అనుకున్నాను.

వినాయకచవితి నుంచి దీపావళి దాకా అట్లా ఐదు ఎనుముల్ని అమ్మాను. ప్రతి సంతలోనూ యోబే. కోయిలకుంట్ల నుంచి వచ్చినవాళ్ళు కూడా "ఆయమ్మ గొడ్లు యాడుండాయి?" అని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆయన నాకు తెలియని మెళకువలు చెప్పేవాడు. ఒక పూట పాలు పితక్కుండా తెచ్చి పొదుగు పెద్దదిగా చూపించేవాళ్ళని ఎట్లా పట్టాలో, కొనేవాడికి తొందరుందని అతని చెప్పులు చూసి ఎట్లా తెలుసుకోవాలో. తనకి ముగ్గురు ఆడపిల్లలనీ, పెద్దదానికి క్రిస్మస్ పోయాక పెళ్ళనీ మాటల్లో చెప్పాడు. నేను ఆ పెళ్ళికి మా ఇంటి నెయ్యి ఇస్తానన్నాను.

మరిదికి కడుపుమంట ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. దీపావళి మర్నాడు వచ్చి, వచ్చే ఏడు నుంచి కొట్టం ఇద్దరం కలిసి చూసుకుందామన్నాడు. నాకొక్కదానికే చాతనవుతుంది అన్నాను. ఆయన వెనుదిరిగి పోయాడు. నాలుగు రోజుల తర్వాత వాకిట్లో నిలబడి, మంచం మీదున్న అన్నకి వినపడేటట్టు అరిచాడు.

"పేట నుంచి వచ్చినోడు మన ఇంటి ఆడమనిషి సెయ్యి పట్టుకుంటాండాడు, సంతంతా సూస్తాంది! వచ్చే సంతలో పెద్దమనుషుల ముందర పెడతాండా. వాడు పట్టుకున్నాడో, ఈమే ఇచ్చిందో, ఆడ్నే తేలాల."

మా ఆయన నన్ను ఒక్కటే అడిగాడు. "నిజమేనా మే?"

"బేరానికి," అన్నాను.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ సంత దాకా నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున బస్సుకే నంద్యాల పోయాను. నాకు ఈ లోకంలో సలహా చెప్పేది ఇంకెవరున్నారు! రామేశ్వరమ్మ డబ్బాలకి నెయ్యి ఎత్తిస్తూ అంతా విన్నది.

"ముందర సెయ్యి సాచింది ఎవరు?"

"నేనే అక్కా. ఆయప్ప వద్దన్నాడు గూడా."

"సాచేటప్పుడు ఎవరన్నా సూసినారా?"

"లేదనుకుంటా. తువ్వాలు కప్పినాకనే అందరూ సూసింది."

"అయితే నువ్వు సాచలేదు," అంది. ఎంత మామూలుగా అందంటే, నాకు మొదట అర్థం కాలేదు. "వాడే పట్టుకున్నాడు. నువ్వు బయపడి నోరెత్తలేదు. ఈ రెండు ముక్కలు సాలు."

"ఆయప్పకి ముగ్గురు ఆడబిడ్డలక్కా."

"నీకు మంచంలో మొగుడున్నాడు. నువ్వే ఇచ్చినా అంటే రేపట్నుంచి ఆ సంతలో నీ నీడ గూడా పడనియ్యరు. కొట్టం మరిది పాలవుతాది. నువ్వొక్కదానివే గాదు, నీ ఎనక ఇంగో ఆడది ఆడ కాలు పెట్టే పనుండదు. వాడిదేముంది, మొగోడు, యాడన్నా బతుకుతాడు. ఆడోళ్ళ మేలు కోరి సెప్తాండా కమలాక్షీ, బాగా ఆలోసిచ్చుకో."

ఆడవాళ్ళ మేలు! యోబు కూతుళ్ళు ముగ్గురూ ఆడవాళ్ళే కదా అని నాకు అప్పుడు తట్టలేదు. అబద్ధం ఎందుకు, తట్టింది. అడగలేదు.

సంత రోజు మిట్టమధ్యాహ్నం, పశువులు నీళ్ళు తాగే తొట్టి పక్కన పంచాయతీ పెట్టారు. పెద్ద పుల్లయ్య అని, సంతలో తగవులన్నీ ఆయనే తీర్చేవాడు. యోబు కోటు గుండీలన్నీ పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నేను మా ఎనుము పక్కన నిలబడ్డాను. కూర్చోలేదు.

"ఏం యోబూ, ఏందీ కత?" అన్నాడు పుల్లయ్య.

"బేరం చేసినానప్పా. ఈయమ్మే సెయ్యి సాచింది. వద్దని సెప్పినా. అమ్మనే అడుగు, ఉండేది ఉన్నట్టు సెప్తాది." ఆయన గొంతులో భయం లేదు. నేను చెప్తానని అంత నమ్మకంగా ఉన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. పుల్లయ్య గొంతు మెత్తగా చేసుకుని, "సెప్పమ్మా, బయపడాకు. సెయ్యి నువ్వే ఇచ్చినావా?" అన్నాడు.

ఎనుము తోకతో ఈగలు తోలుకుంటోంది. దాని వీపు మీద గడ్డిపోచ ఒకటి ఉంటే తీసేశాను.

"లేదు," అన్నాను. "ఆయప్పే పట్టుకున్నాడు."

ఎవరో తిట్టారు. ఆదినారాయణ పోయి యోబు చెంప మీద కొట్టాడు, భుజం మీది తువ్వాలు లాగి తొట్టిలో పడేశాడు. ఆళ్ళగడ్డే కాదు, కోయిలకుంట్ల, నంద్యాల, ఏ సంతలోనూ యోబు దళారీ చెయ్యకూడదని పుల్లయ్య తేల్చి చెప్పాడు. యోబు చెంప పట్టుకుని నన్నే చూస్తున్నాడు. పోలేదు. ఇంకా నేను ఏదో అంటానని ఆగాడు. నేను ఎనుము వైపు తిరిగాను.

"మా పెద్దపిల్లకి నీ మాటే సెప్పినా అమ్మా," అన్నాడు చివరికి. "ఆడబిడ్డైనా అట్ల బతకాలని సెప్పినా. పోయి తప్పు సెప్పినానని సెప్పుకోవాల." తొట్టిలో తువ్వాలు తీసుకోకుండానే జనంలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. అందరికీ నా మీద జాలి పుట్టుకొచ్చింది. "పాపం, మొగుడు మంచంలో ఉంటే గొడ్లమ్ముకోని బతుకుతాంది. ఈయమ్మకి ఇబ్బంది లేకుండా ఏదన్నా సూడండప్పా," అన్నాడు పుల్లయ్య. ఎవరో గంప ఒకటి తెచ్చి బోర్లించారు. దాని కింద నేను గులకరాళ్ళు పెట్టాలి, పెద్దవి వందలు, చిన్నవి పదులు. దళారి గంప ఎత్తి చూసి, తీయాల్సినవి తీసి మళ్ళీ బోర్లిస్తాడు. ఎవరి చెయ్యీ ఎవరికీ తగలదు. ఇది తేలడానికి ఒక చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టలేదు. మొదటి సంతలోనే ఎవరికైనా తట్టి ఉండొచ్చు, నాకైనా తట్టి ఉండొచ్చు. ఒక మనిషిని తన్ని తరిమాక గానీ ఆ గంప దొరకలేదు మాకు.

ఆ తర్వాత నా గంప ముందు దళారులు వరస కట్టారు. ఆదినారాయణ ఇంటి పరువు కోసం తనే పంచాయతీ పెట్టినవాడు కాబట్టి, పైకి నన్ను వెనకేసుకు రాక తప్పలేదు. సంతకి నా ఎనుముల వెనక నడిచి వచ్చేవాడు. మా ఆయన మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు. రామేశ్వరమ్మ నా నెయ్యికి పక్కన వేరే డబ్బా పెట్టించి, అంగడికి వచ్చిన ప్రతి ఆడదానికీ నన్ను చూపించి, నిలబడితే ఇట్లా నిలబడాలనేది. నేను తల వంచుకుని వినేదాన్ని. సిగ్గుతో వంచుకున్నానని ఎవరికీ తెలియలేదు, వినయమనుకున్నారు.

క్రిస్మస్ వారం ఉందనగా, ఒక పొద్దున యోబు భార్య హన్నమ్మ ఎనుముని తోలుకుని మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు, కంచె బయటే నిలబడింది. వాళ్ళింటి పాడి అదొక్కటే. వాళ్ళ తరపున సంతలో బేరం చేసేవాళ్ళు లేరు, ఏ దళారీ వాళ్ళ గొడ్డు దగ్గరికి పోవడం లేదు. పెళ్ళి దగ్గర పడింది. అందుకే కొనేదాని ఇంటికే తెచ్చింది.

ఎనుముని చూశాను. ఆరో ఈతది, మంచి పాలదే గానీ వయసు మళ్ళింది. వాకిట్లో మా ఆయన గుంజకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆదినారాయణ గడ్డి వేస్తున్నాడు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. నేను అలవాటుగా గంప తెచ్చి నేల మీద బోర్లించాను.

"అది పక్కన పెట్టు," అంది హన్నమ్మ. "సాటు బేరాలు నాకొద్దు. నీ నోటితో సెప్పు, అందరూ ఇనేట్టు."

మూడు వందలు అన్నాను. ఆ ఎనుము రెండు వందల ఇరవై కూడా చెయ్యదు.

"దీనికంత రాదు. మా ఇంట్లో గూడా గొడ్ల సంగతి తెలిసినోడు ఉండాడు, ధర అడుక్కునే వచ్చినా. నువ్వు ఎక్కువిచ్చేదాన్ని తీసుకోను. సరైంది సెప్పు."

"రెండు వందల పది," అన్నాను నేల చూస్తూ.

"ఇనపడలా."

మా ఆయన తల తిప్పి చూశాడు. ఆదినారాయణ చేతిలో గడ్డి మోపు అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"రెండు వందల పది!" అని అరిచాను. అది అరుపో ఏడుపో నాకే తెలియలేదు.

పైకం కంచె రాయి మీద పెట్టమంది. పెట్టాను. తీసుకుని కొంగున ముడి వేసుకుంది. తలుగుతాడు నా చేతికి ఇవ్వలేదు, నా కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది.

"నలుగుర్లో ఉండేది ఉన్నట్టు సెప్పను వచ్చు గదమ్మా నీకు," అని, ఎనుము మొహం ఒకసారి నిమిరి, పేట దారి పట్టి పోయింది.